ఆటోనగరులో ఒక పూట

మా అంబాసిడరు కారును చూసి సలహా చెప్పకుండా వెళ్ళిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. తలుపు వేసిన చప్పుడును బట్టి ఇంజను ఆరోగ్యం చెప్పగల విద్య నాకు లేదు. బందరులో మా వీధివారందరికీ మాత్రం ఆ విద్య వుంది. "డీజిలు తాగే దున్నపోతు, అమ్మెయ్యండి మాస్టారూ" అని ఎడమ పక్కింటాయన. "ఇంత మందం రేకు ఇప్పుడెక్కడిదండీ, వుంచుకోండి" అని కుడి పక్కింటాయన. ఈయనకు కారు లేదు.

నాన్నగారు దాన్ని 1991లో కొన్నారు. పదిహేనేళ్ళు నిండిన కారుకు అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. 2021లో 600 రూపాయలు కట్టి వచ్చాను. ఆ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2022లో 5,000 చేసింది. ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేసింది. ఈ యేడు మళ్ళీ గడువు వచ్చింది. మా ఆవిడ కాగితం తీసి లెక్క వేసింది. రుసుము, ఇన్సూరెన్సు, టైర్లు, తుప్పు పట్టిన చోట టింకరింగు, రంగు. మొత్తం కింద రెండు గీతలు గీసి నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా అబ్బాయి కొత్త కార్ల బొమ్మలు చూపించాడు. అన్నీ కళ్ళు చికిలించి, ఎవరి మీదో కోపగించినట్టున్నాయి. మా అమ్మ ఒక్క మాటే అంది: "దీంట్లో అయితే నేను వంగకుండా ఎక్కుతానురా."

అమ్మకు మోకాళ్ళ నొప్పులు.

బాగు చేయించడమో, అమ్మడమో బెజవాడ ఆటోనగరులోనే తేల్చుకుందామని ఒక శనివారం తెల్లవారుజామున నేనూ అబ్బాయీ బయలుదేరాము. డెబ్భై కిలోమీటర్ల దారి. ఉయ్యూరులో టీకి ఆగితే ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"ఎంతిస్తుంది?"

మనవాళ్ళు ఏ కారును చూసినా మొదట అడిగేది ఇదే. లీటరుకు పన్నెండన్నాను. "మా అల్లుడి బండి ఇరవై ఇస్తుంది" అన్నాడాయన గర్వంగా. అంతలోనే తలుపు తీసి, ముందు సీటును అరచేత్తో నొక్కి చూసి, "మా పెళ్ళి ఊరేగింపు ఇలాంటి బండిలోనేనండీ. ముందు ముగ్గురు, వెనక ఎంతమందో లెక్కే లేదు" అన్నాడు. అల్లుడి బండి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆటోనగరు పుట్టింది 1966లో. బందరు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే ముందు పలకరించేది సుత్తి దెబ్బలు. ఒక షెడ్డులో చక్రాలు లేని లారీ చట్రం. పక్క షెడ్డులో దానికి కట్టబోయే బాడీ, ఇంకా చెక్కల పంజరంగానే వుంది. కమాను కట్టలు విప్పి వరసగా పేర్చారు. వెల్డింగు వెలుగుకు మొహం తిప్పుకుంటే రంగు వాసన. ఒక కుర్రవాడు లారీ వెనక చెక్క మీద అక్షరాలు రాస్తున్నాడు. గుడి దీర్ఘం చుట్టడంలో అతని కుంచె చూపిన ఒడుపు మా విద్యార్థుల కలాలకు వుంటే నేను ధన్యుణ్ణి.

మేస్త్రీ అరవై దాటినవాడు. నిక్కరు తొడుక్కునే వయసులో పనిలో చేరాడట. బానెట్టు ఎత్తి, ఇంజను తిప్పమని, తల వంచి విన్నాడు.

"కొత్త బండికి జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించాలండీ. దీనికి చెవి చాలు."

కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మారిస్ ఆక్స్‌ఫర్డు అనే ఇంగ్లీషు కారు అచ్చున 1957 నుంచి 2014 దాకా తయారైన బండి ఇది. పైపై మార్పులెన్ని చేసినా గుండ్రటి ఆకారం, ఎత్తయిన కప్పు పోలేదు. అందుకే సామాను పాత బళ్ళలోంచి ఇంకా దొరుకుతుందన్నాడు మేస్త్రీ. పనంతటికీ అరవై వేలు చెప్పాడు. బేరం దక్కించుకోవడానికి పొగుడుతున్నాడనుకున్నాను. కాని అతను అబ్బాయి వైపు చూసి, "ఈ బాబు నేర్చుకుంటున్నాడా?" అన్నాడు.

"ఆఁ, ఈ మధ్యే."

"అయితే దీన్ని హైవే ఎక్కించకండి. రేకు మందమని అందరూ అంటారు. గుద్దుకుంటే ఆ దెబ్బ లోపలి మనిషికే. దీంట్లో బెల్టు లేదు, గాలిసంచీ లేదు. కొత్తవాటిలో ముందు భాగం నలిగి దెబ్బను మింగుతుంది."

మా అబ్బాయి అదే మాట ఇంట్లో పదిసార్లు చెప్పాడు. వాణ్ణి నేను వినలేదు. వాడు నా వైపు చూడకుండా లారీ అక్షరాల వైపు చూశాడు.

"మరి అమ్మేదా?" అన్నాను.

"మామ్మగారు దీంట్లో సుఖంగా ఎక్కుతారంటున్నారు గదా. ఊళ్ళో మెల్లగా తిప్పుకోండి. కొత్తది కొనేటప్పుడు ఆవిణ్ణి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, లేపి చూసి కొనండి. బొమ్మ చూసి కొనకండి."

బెల్టులు మాత్రం వేయించమన్నాడు. ఉత్త రేకుకు బిగిస్తే లాభం లేదట. అడుగున ఇనప బిళ్ళ వేసి బిగించాలట. ముందవి, వెనకవి వేయమని, అయిదు వేలు బయానా ఇచ్చి, బండి అక్కడే వదిలి బస్సెక్కాము. దారిలో అబ్బాయి కొత్త కార్ల సీటు నేలకెంత ఎత్తో ఫోనులో వెతుకుతూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు సంగతంతా చెప్పాను. పదివేల రుసుముకు ఏమీ అనలేదు. అరవై వేలకూ అనలేదు. బెల్టు దగ్గరికి వచ్చేసరికి చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"ఈ వయసులో నన్ను కట్టేస్తావట్రా?"