నల్లరేగడి సీమలో ఎడారి గులాబీ

కంచికచర్లలో బస్సు దిగేసరికి పదకొండు దాటింది. ఫిబ్రవరి నెలాఖరు. నందిగామ నుంచి దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరుతూ కనిపించాయి. నేను వచ్చింది ఒక చిన్న పూలమొక్క కోసం. కిందటి వానాకాలంలో మా ఇంట్లో ఎడీనియం, అదే ఎడారి గులాబీ, చచ్చిపోయింది. మొదలు పట్టుకుంటే కుళ్లిన ఉల్లిపాయలా చేతికొచ్చింది. ఎందుకు పోయిందో తెలుసుకోకుండా ఇంకొకటి కొనబుద్ధి కాలేదు.

హైవే పక్కన నర్సరీ చిన్నదే. క్రోటన్లు, మల్లె, నందివర్ధనం ఆకుపచ్చ వల నీడలో ఉన్నాయి. ఎడీనియంలు మాత్రం బయట మండుటెండలో, ఇటుకల మీద. కొన్నింటికి ఒక్క ఆకు లేదు, కొమ్మల చివర ముదురు గులాబీ రంగు పూలు. కింద మొదలు బొద్దుగా ఊరి, వేళ్లు మెలికలు తిరిగి పైకి తేలి ఉన్నాయి.

“నీడలో పెడితే కొమ్మలు సాగుతాయండీ, పూయవు. రోజుకి ఆరు గంటల ఎండైనా తగలాలి” అన్నారు నర్సరీ పెద్దాయన. చాలావరకు కడియం నుంచి లారీలో తెప్పిస్తారట, కొన్ని ఇక్కడే విత్తనం వేసి పెంచుతారు.

మా మొక్క సంగతి చెప్పాను. ఏ మట్టిలో పెట్టారని అడిగారు. చేలోంచి తెచ్చిన నల్లమట్టే, పశువుల ఎరువు కలిపానన్నాను.

“పత్తికి బంగారం లాంటి మట్టండీ అది. దీనికి మాత్రం ఊపిరాడదు.”

నల్లరేగడి ఒకసారి నీళ్లు తాగిందంటే ఉబ్బి, రోజుల తరబడి వదలదు. ఈ మొక్కేమో తనకు కావాల్సిన నీళ్లు ఆ లావుపాటి మొదట్లోనే దాచుకుంటుంది. చుట్టూ చెమ్మ నిలిస్తే కుళ్లిపోతుంది. మా ఎండకు వాడిపోతుందేమోనని నేను రోజూ నీళ్లు పోశాను. దాన్ని చంపింది ఆ నీళ్లే.

ఆయన కలిపే మిశ్రమం చూపించారు. దొనబండ, పరిటాల వైపు క్రషర్లలో దొరికే సన్న చిప్స్‌ను జల్లించి, దుమ్ము పోయేదాకా కడుగుతారు. దానికి ముతక ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు, కాస్త వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. ఒక కుండీలో చెంబుడు నీళ్లు పోశారు. చెంబు కింద పెట్టేలోగానే అడుగు కన్నాల్లోంచి బయటికొచ్చాయి. అరగంట మాటల్లో అర్థం కానిది అప్పుడు అర్థమైంది.

తర్వాత నా వేలు పట్టుకుని ఒక మొక్క మొదట్లో నొక్కించారు. గట్టిగా ఉంది. పక్కదాన్ని నొక్కితే మెత్తగా దిగింది. మట్టి పొడిగా ఉండి మొదలు మెత్తబడితే దాహం, నీళ్లు పోస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. మట్టి తడిగా ఉండి మెత్తబడితే కుళ్లు. అప్పుడు మొక్కను పెకలించి, తెల్లటి కండ కనిపించేదాకా చెడిన భాగం కోసేయాలి. కోతకు శిలీంద్రనాశిని పొడి అద్ది, వారం రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి మిశ్రమంలో మళ్లీ నాటాలి. మా మొక్కను ఆ దశలో ఎవరైనా చూసి ఉంటే బతికేదే.

షెడ్డులో ఒకావిడ అంటు కడుతున్నారు. విత్తనం నుంచి వచ్చిన పిల్లకు తల్లి పువ్వు రంగే రావాలని లేదు. కొమ్మ నాటితే పూస్తుందిగానీ మొదలు అంత అందంగా ఊరదు. అందుకే విత్తనపు మొక్క మొదలు మీద మంచి పూల రకం కొమ్మను అతుకుతారు. ఆవిడ బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, వి ఆకారంలో కోసి, కొమ్మ దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టారు. కోసిన చోట పాలు చిమ్మాయి. నేను ముట్టుకోబోతే, “వద్దు సార్, విషం. చేతులు కడుక్కోండి” అన్నారు.

ఆ పాలను ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాల మొనలకు పూసేవారు. ఈ మొక్క మన గన్నేరు కుటుంబానిదే. 1763లో యెమెన్‌లో మలేరియాతో కన్నుమూసిన ఫోర్‌స్కోల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాసుకున్న వివరాలు 1775లో అచ్చయ్యాయి. వాటిలో దీన్ని గన్నేరు జాతిలోనే చేర్చాడు. ఎడీనియం అన్న పేరు ఆ తర్వాత ఏడెన్ రేవు మీదుగా వచ్చింది. అరేబియా రాళ్ల గుట్టల మీద పుట్టిన మొక్క మా పల్లెల ఎండను సులువుగానే ఓర్చుకుంటోంది. ఓర్చుకోలేనిది ఇక్కడి వాననే. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగిన రోజుల్లో ఈ కుండీలన్నింటినీ రేకుల కిందికి మోశారట.

ఒక చిన్న మొక్క తీసుకున్నాను. ఏటా కుండీ మార్చేటప్పుడు మొదలును ఒక అంగుళం పైకి లేపి నాటమని, కొమ్మలు ఇప్పుడే కత్తిరిస్తే వేసవిలో గుబురుగా పూస్తుందని చెప్పి పంపారు.

మీ ఇంట్లో ఎడీనియం ఉంటే, తొలకరి రాకముందే కుండీ ఎత్తి అడుగు కన్నాలు పూడిపోయాయేమో ఒకసారి చూడండి.