గుప్పెడు బూడిద

బాలాపూర్‌లో పుట్టినవాడికి మట్టి అంటే ఎర్ర చెలకే. మా ఊరి గ్రానైటు గుండ్లు ఎండకూ వానకూ పగిలి, అందులోని ఫెల్‌స్పార్ బంకమన్నై, క్వార్ట్జ్ ఇసుకై, ఇనుము ఎరుపై తయారైన నేల అది. అందుకు పట్టిన కాలం తలుచుకుంటే తల తిరుగుతుంది. ఈ సంగతి డిగ్రీలో జియాలజీ తీసుకున్నాకే తెలిసింది. అంతకు ముందు మట్టి ఎప్పుడూ ఉండేదేననుకున్నాను!

రెండో సంవత్సరం మా లెక్చరర్ గారు మమ్మల్ని యాగంటి దగ్గర జ్వాలాపురం తీసుకుపోయారు. పేరు విని అక్కడ అగ్నిపర్వతం ఉంటుందని బస్సులో పందేలు కాశాం. అందరం ఓడిపోయాం. జుర్రేరు లోయలో తెల్లని పొర, కొన్నిచోట్ల నిలువెత్తుకు మించి. సుమారు 74,000 ఏండ్ల క్రితం సుమత్రాలో టోబా పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చిన బూడిదట! నేరుగా లోయలో రాలింది కొంతే. తక్కినది చుట్టుపక్కల నుంచి వాననీరు కడుక్కొచ్చి పేర్చింది. పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఇంత చరిత్ర గల బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్మారు, అది వేరే కథ.

ఈ బూడిద అంటే నిజానికి సన్నని గాజు తునకలు. స్ఫటికాల కట్టు లేదు గనుక నీటికి తొందరగా లొంగుతుంది. సిలికా కొంత కరిగిపోగా, మిగిలింది అల్యూమినియంతో కలిసి అల్లోఫేన్ అనే మెత్తని పదార్థమవుతుంది. అది కుళ్లిన ఆకునూ నీటినీ పట్టుకుంటే వదలదు. జావా కొండవాలుల్లో పంటలు పండేది ఇలాంటి గుల్ల నేలల్లోనే. మరి జ్వాలాపురంలో? వానలు తక్కువ, పైగా మన్ను కప్పేసింది. బూడిద బూడిదగానే మిగిలింది.

గుప్పెడు పొట్లం కట్టి తెచ్చి నాయినకు చూపించాను. వేళ్ల నడుమ నలిపి, "గిదేం మన్ను బిడ్డా, పిండి లెక్క ఉన్నది. ఇండ్ల జొన్న మొలుస్తదా?" అన్నాడు.

"మంచిగ వానలు పడితే, కొన్ని వందల ఏండ్లకు మొలుస్తది నాయినా."

ఆయన నవ్వలేదు. చెల్లె పెండ్లి అప్పుకు మా రెండెకరాల చెలక అప్పటికే ప్లాట్ల బేరంలో ఉంది.

"మరి మనదెన్నేండ్ల మన్ను?"

లెక్క తెలుసు. నోరు రాలేదు.

మరుసటి వారం జేసీబీ వచ్చి పైమట్టి గీకి ఓ మూలకు నెట్టింది. ఆ పొట్లం ఇప్పటికీ నా పుస్తకాల అలమారలో ఉంది. పక్కన ఇంకొకటి, ఎర్ర మన్నుది. అది నాయిన కట్టిచ్చాడు.