మూడో సిలిండరు

గుమాస్తాకు కారెందుకయ్యా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న మా ఆవిడ కాపురానికి వచ్చిన నాటినుంచీ అడుగుతూనే ఉంది. జవాబు లేక కాదు. ఆ జవాబు ఎప్పుడూ వీధరుగుమీద కూర్చుని మా మాటలు వింటూ ఉంటుంది గనుక పైకి చెప్పడానికి సంకోచం.

కారంటే మీరు మరేదో ఊహించుకోకండి. 1972నాటి అంబాసిడర్, మార్క్ 2. మా నాయన కోయంబత్తూరులో ఒక నూలుమిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. కలకత్తా పక్క ఉత్తరపారా కార్ఖానాలో పుట్టిన ఆ బండి మిల్లుకు వచ్చిననాడు మొదట తాళం తిప్పిన చెయ్యి ఆయనదే. 1987లో యజమాని వేరే కారు కొనుక్కుని, దీన్ని మా నాయనకే ఆరువేల రూపాయలకు ఇచ్చాడు. జీతంలో నెలకింత అని పట్టుకున్నారు. అప్పటినుంచి మా బంధువర్గంలో పెళ్ళికూతురు ఎక్కిందంటే ఆ బండే, పురిటికి పోవాలన్నా ఆ బండే. నేను పదో తరగతితో చదువు చాలించి గుమాస్తాగిరీలో కుదిరినరోజున కూడా నాయన నన్ను దానిలోనే ఆఫీసు గుమ్మందాకా దింపాడు. ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులోనే వెళుతున్నాననుకోండి.

ఇప్పుడు నాయనకు డెబ్భై తొమ్మిది. చూపు మందగించి స్టీరింగు ముట్టడం మానేశాడు. బండి పరిస్థితీ అంతే. స్టార్టు చేస్తే వీధంతా నీలిపొగ. మూడు వందల కిలోమీటర్లకు లీటరు ఇంజనాయిలు తాగుతోంది. తెల్లపొగ వస్తే నీళ్ళు, నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ, నీలిపొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు. ఇది నాయన నాకు అక్షరాలకంటె ముందు నేర్పిన పాఠం.

తొమ్మిదేళ్ళ కిందట ఒక షెడ్డులో చవగ్గా తేలుతుందని కొత్త రింగులు మాత్రం వేయించాను. ఆరు నెలలు తిరక్కుండానే మళ్ళీ పొగ. అప్పుడు తెలియలేదు గాని తప్పు నాది కూడా. పిస్టను ఏళ్ళతరబడి పైకీ కిందకీ ఆడితే సిలిండరు గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డు వాటంగా అరుగుతుంది. అది కూడా పైభాగంలో ఎక్కువ, కింద తక్కువ. రింగు ఆగే చోట ఒక మెట్టు కడుతుంది. అటువంటి గొట్టంలో గుండ్రటి కొత్త రింగు వేస్తే ఎక్కడ అతుక్కుంటుంది? చవక బేరం రెండుసార్లు ఖర్చు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఉక్కడం పాత ఇనుము అంగళ్ళవారు వచ్చి చూసి నలభైవేలు ఇస్తామన్నారు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన రోజులవి. ఒక స్నేహితుడు డీజిలు ఇంజను ఎక్కించుకోమన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఎక్కువ భయం. నాయనను అడిగాను.

"నీ బండి, నీ ఇష్టం" అన్నాడు. రిజిస్ట్రేషను పుస్తకం ఇరవై ఏళ్ళ కిందటే నా పేరుకు మార్చాడు. కాని ఆ పూట రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు.

మరునాడు మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. గణపతి ప్రాంతంలో ఆయనకు చిన్న షెడ్డు. మనవాడు కాదు; తమిళమూ, ఇంజను భాషా తప్ప మూడోది రాదు. చిన్నప్పుడు మిల్లు షెడ్డులో మా నాయన చేతికింద స్పానర్లు అందించినవాడు. అందుకని ఇప్పటికీ నాయనను "డ్రైవరణ్ణా" అంటాడు. జి. డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి, 1937లో మనదేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు దాకా నడిచిన ఊరు ఇది. అటువంటి ఊళ్ళో లేతు పట్టనివాడికి పిల్లనివ్వరని నాయన వేళాకోళం చేసేవాడు. నేను లేతు పట్టనివాణ్ణే. పిల్లను ఇచ్చారు, అది వేరే సంగతి.

మేస్త్రి ముందు ప్లగ్గులు తీసి కంప్రెషను చూశాడు. తొంభై అయిదు, తొంభై, అరవై, తొంభై అయిదు పౌండ్లు. మూడో సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూస్తే అరవై కాస్తా నూరయింది. "వాల్వులు కాదు, బోరు. ఆయిలు సందు పూడ్చినంతసేపే బలం" అన్నాడు. అరవైవేలవుతుందని అంచనా చెప్పాడు. నా దగ్గర సరిగ్గా అరవైవేలే ఉన్నాయి. అమ్మాయి ఫీజు విడిగా కట్టేశాను కాబట్టి ఇది పాపపు సొమ్ము కాదని మనసుకు చెప్పుకుని సరేనన్నాను.

ఇంజను విప్పేనాడు నాయన కూడా వస్తానన్నాడు. షెడ్డులో ఆయనకొక స్టూలు వేశారు. హెడ్డు లేపి, కింద చాంబరు విప్పి, పిస్టన్లు ఒక్కొక్కటే పైకి తోసి బల్లమీద వరసగా పెట్టాడు మేస్త్రి. మూడోదాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. మిగతా మూడూ ఒక కంపెనీవి, ఇది వేరు. లైటు వేసి బోరులోకి చూస్తే మూడో సిలిండరులో స్లీవు ఉంది. అంటే ఎప్పుడో గోడ చీరుకుపోతే లోపల కొత్త గొట్టం దిగ్గొట్టారన్నమాట. హెడ్డు కూడా ఒకసారి ఉలితట్టు పట్టించినట్టే ఉంది.

"ఇది అరుగుదల కాదు డ్రైవరణ్ణా. ఈ ఇంజను ఒకసారి నీళ్ళు లేకుండా పరిగెత్తి పట్టేసింది. ఎవరు నడిపారు?" అన్నాడు మేస్త్రి తమిళంలో.

మా నాయన ఇంజనును వేడెక్కనిచ్చే మనిషి కాడు. పదిమైళ్ళకోసారి దిగి రేడియేటరును చేత్తో తాకి చూసే మనిషి. నాకు కోపం కూడా వచ్చింది, మిల్లువాళ్ళెవరో పాడుచేసి మాకు అంటగట్టారని. నాయన మేస్త్రికి జవాబు చెప్పలేదు. నావైపు తిరిగి, పని స్థలంలో ఎన్నడూ మాట్లాడని మన ఇంటి తెలుగులో చెప్పాడు.

"నేనే నడిపినాను రా. నీ చెల్లెలు పుట్టిన రాత్రి."

అది 1989. అప్పుడు మేము సూలూరులో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు, నన్ను అవ్వ దగ్గర పడుకోబెట్టి అమ్మను తీసుకుని బయలుదేరారని మాత్రమే తెలుసు. రాత్రి రెండు గంటలకు, సింగానల్లూరు ఇంకా రెండు మైళ్ళుందనగా, రేడియేటరు గొట్టం పగిలింది. ముందరి అద్దంనిండా ఆవిరి. ఆపి, గొట్టానికి గుడ్డ చుట్టి, నీళ్ళు వెతికి పోస్తే ఇంజను బతుకుతుంది. వెనక సీటులో అమ్మ అరుపు ఆగిపోయింది. అరుపుకంటె అది ఆగిపోవడమే భయం వేసిందట.

"నీళ్ళకోసం తిరిగితే అరగంట. నిలపలేదు. టక్ టక్ అని కొట్టుకోవడం వినిపిస్తూనే ఉంది. ఆసుపత్రి గేటులోకి వచ్చి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు. పోనీ అనుకున్నాను. ఇంజనుకు పిస్టను మళ్ళీ దొరుకుతుంది కదా."

తల్లీ బిడ్డా దక్కారు. ఇంకొక గంట ఆలస్యమయితే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అన్నదట. ఆ తరవాత అప్పుచేసి, అరిగిన మూడు సిలిండర్లనూ అలాగే ఉంచి, చీరుకుపోయిన ఒక్కదానికే స్లీవు వేయించి బండి నడిపాడు. ముప్ఫై ఆరేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "డ్రైవరు ఇంజను పాడుచేశాడంటే పరువేముంది?" అన్నాడు. మా అమ్మ పోయి ఏడేళ్ళయింది. ఆమెకు తెలిసే ఉంటుంది.

మేస్త్రికి మాటలు అర్థం కాలేదు గాని విషయం అర్థమయినట్టుంది. పిస్టను గుడ్డతో తుడిచి నాయన చేతిలో పెట్టి, టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు.

ఇక పని సంగతి. ఈ ఇంజను కొలత 1,489 సీసీ, బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. మాది అప్పటికే నలభై థౌ పెంచి కోసిన బోరు. ఇంకా కోస్తే గోడ పల్చబడుతుంది. అందుచేత నాలుగింటికీ కొత్త స్లీవులు దిగ్గొట్టి, తిరిగి మొదటి కొలతకే బోరు చేయించాం. 1972లో ఎట్లా పుట్టిందో అట్లాగే. బ్లాకు మార్చితే ఇంజను నంబరు మారుతుంది; అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకునేవాడికి ఆ తలనొప్పి ఏమిటో గుమాస్తాగా నాకు తెలుసు. క్రాంకు షాఫ్టును ఇరవై థౌ గ్రైండు చేయించి, ఆ కొలతకే బేరింగులు వేశాం. టైమింగు చైను, ఆయిలు పంపు కొత్తవి.

కొంచెం మెరుగులు కూడా దిద్దించాను. పాతకాలపు పెట్రోలులో సీసం ఉండేది. అది ఎగ్జాస్టు వాల్వు సీటుమీద పూతలా నిలిచి దాన్ని కాపాడేది. మనదేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పెట్రోలు ఆపేశారు. ఊపిరితిత్తులకు మేలే, పాత సీట్లకు మాత్రం చేటు. అవి మెల్లగా కుంగి, టాపెట్టు సందు మూసుకుపోయి, చివరకు వాల్వు మాడుతుంది. అందుకని గట్టి ఉక్కు సీట్లు పొదిగించాం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాలు కలుస్తోంది గదా, అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి ఓర్చేవి మార్చి, కార్బ్యురేటరులో జెట్టు ఒక మెట్టు పెద్దది వేశాం. కాంటాక్టు పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను. రేడియేటరుకు మందపాటి కోరు. ఆ చివరిది నాయన కోరిక. ఎందుకో నేను అడగలేదు.

ఇంకా బలం పెంచుదామా, రెండు కార్బ్యురేటర్లు పెడదామా అని నేను ఉత్సాహపడ్డాను. మేస్త్రి నవ్వాడు. "నాలుగు సిలిండర్లకు మూడే మెయిను బేరింగులున్న క్రాంకు ఇది. ముసలాయనకు కళ్ళజోడు ఇవ్వు, పంటికట్టు ఇవ్వు, పరుగుపందెంలో మాత్రం నిలబెట్టకు" అన్నాడు.

అరవైవేల అంచనా ఎనభై మూడువేల మూడువందల యాభై అయింది. స్లీవులు, బోరు 14,500; పిస్టన్లు, రింగులు 11,200; క్రాంకు, బేరింగులు 9,800; హెడ్డు పని 12,600; రేడియేటరు 8,500; ఇగ్నిషను, గొట్టాలు వగైరా 9,400; కూలి 15,000; చిల్లర 2,350. పైన పడిన ఇరవై మూడువేల చిల్లరకు ఎవరిని అడగాలో తెలియక తిరుప్పూరులో ఉన్న చెల్లెలికి ఫోను చేశాను. నాయన చెప్పిన సంగతి కూడా చెప్పాను. కొంతసేపు మాట లేదు. తరవాత, "అన్నా, ఆ మూడో సిలిండరు పద్దు మొదటినుంచీ నాదే కదా" అంది. సాయంత్రానికి డబ్బు వచ్చింది.

మొదటి స్టార్టుకు ప్లగ్గులు తీసేసి, ఆయిలు ప్రెషరు లేచేదాకా వట్టి ఇంజను తిప్పాం. టాపెట్లు పదిహేను థౌకు పెట్టాం. అప్పుడు ప్లగ్గులు బిగించి నాయన చేత తాళం తిప్పించాం. రెండో తిప్పుకు అందుకుంది. గొట్టం వెనక తెల్లగుడ్డ పట్టుకుని నిలబడ్డాను, మరక పడలేదు. కొత్త రింగులు కుదురుకోవాలంటే నిలబెట్టి ఊరికే తిప్పకూడదు, రోడ్డుమీద ఎక్కీ దిగీ లాగించాలి. అయిదు వందల కిలోమీటర్లకు ఆయిలు మార్చి, హెడ్డు నట్లు మళ్ళీ బిగించి, వెయ్యి దాటేదాకా గంటకు అరవై మించనివ్వలేదు.

ఆ వెయ్యీ పూర్తయ్యాక వాల్పారైకి వెళ్ళాం. ఆళియారునుంచి నలభై హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకూ నంబరు పలక. యజమానులను తేయాకు తోటలకు తీసుకువెళ్ళిన రోజుల్లో నాయన ఎక్కించిన దారి అది. నేను నడిపాను. నాయన పక్కన, వెనక చెల్లెలు, మా ఆవిడ, అమ్మాయి. నాయన చూపు ఎంత ఆనిందో తెలియదు గాని ప్రతి మలుపుకూ ఆయన ఎడమకాలు క్లచ్చు తొక్కుతూనే ఉంది. తొమ్మిదో మలుపు దగ్గర అందరూ డ్యాము చూడడానికి దిగితే, ఆయన వెళ్ళి రేడియేటరుమీద చెయ్యి పెట్టి చూశాడు. చెల్లెలు కూడా వెళ్ళి ఆయన చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది.

"కాలుతోందా నాయనా?"

"లేదు. ఎంత ఉండాలో అంతే ఉంది" అన్నాడు.

ఇంటికి వచ్చాక లెక్కల పుస్తకం తీశాను. చెల్లెలి పేరున రాసుకున్న అప్పుకు ఎదురుగా 'చెల్లు' అని రాయమని ఆమె దారిపొడుగునా పోరింది. గుమాస్తాను గనుక డబ్బు ముట్టకుండా చెల్లు రాయడం నాకు చేతకాదు. కాని ఈ పద్దు 1989లోనే తీరిపోయిందని నాయన అన్నాడు. ఆయన మాటమీద రాశాను.