కనుమలో కుదుపు

యంత్రాలకు వచ్చే రోగాలలో ఎడతెగకుండా ఉండేవే మేలు. మోగుతూనే ఉండే మోతను, కారుతూనే ఉండే నూనెను ఎవరైనా పట్టుకోగలరు. ఉండి ఉండి వచ్చే కుదుపు అలా కాదు, వైద్యుడి గుమ్మం తొక్కగానే దిగిపోయే జ్వరం వంటిది. మెకానిక్ ఎదుట నిలిపితే బండి అంత బుద్ధిమంతురాలు మరొకటి ఉండదు!

మా పెట్రోలు కారుకు ఆ జబ్బు భాకరాపేట కనుమలో బయటపడింది. నెలకొకసారి నాయనను మదనపల్లె నుంచి తిరుపతి ఆసుపత్రికి తీసుకువెళ్ళేవాళ్ళం. పోయేటప్పుడు కనుమ దిగుడు కనుక ఏమీ తెలిసేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు, ఎక్కలేక ప్రాకుతున్న లారీని దాటబోయి యాక్సిలరేటర్ నొక్కితే, ఊపిరందనట్టు నాలుగైదుసార్లు కొట్టుకుని మళ్ళీ ఏమీ ఎరగనట్టు సాగేది. ఆ కాస్సేపట్లో ఎదురుగా బస్సు వస్తే... నాయన ఏమీ అనేవారు కాదు. ముందు సీటును మాత్రం గట్టిగా పట్టుకునేవారు.

ఒక షెడ్డులో చక్రాలకు బాలెన్సింగ్ చేసి పంపారు. ఇంకొకచోట క్లచ్ ప్లేట్లు మార్చాలన్నారు. మన దగ్గర రోగనిర్ణయమంటే చాలావరకు సామాన్లు మార్చి చూడడమే.

పీలేరులో ఒక మెకానిక్ మాత్రం బానెట్ ఎత్తలేదు. "ఎప్పుడొస్తుంది సార్? బ్రేక్ తొక్కితేనా, తొక్కకపోయినానా?" అని మొదలుపెట్టాడు. బ్రేక్ తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూడాలట. 80 దాటాక స్టీరింగ్ వణికితే చక్రాలు, కదిలే క్షణంలో అదిరితే క్లచ్, నిలిచి ఉన్నప్పుడు అదిరితే ఇంజన్ మౌంటింగులు. ఇవేవీ కాక ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేరులో, బరువు మీద మాత్రమే వస్తే? "నిప్పు సరిగా పడడం లేదు సార్, మిస్సింగ్ కొడుతోంది."

అతను నా పక్కన కూర్చుని కనుమ దింపించి, ఏసీ వేయించి, నాలుగో గేరులోనే మళ్ళీ ఎక్కించాడు. కుదుపు వచ్చింది. ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంది. స్కానర్ తగిలిస్తే పి0302 అని చూపింది. అంటే 2వ సిలిండర్‌లో మిస్సింగ్. అయితే ఆ అంకె చోటు చెబుతుందే గాని కారణం చెప్పదు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. ఇక్కడే అతని నేర్పు చూశాను. కొత్తదేదీ కొనకుండా 2వ సిలిండర్ కాయిల్‌ను 3వ దానికీ, దానిది దీనికీ మార్చి, మళ్ళీ అదే ఎత్తు ఎక్కించాడు. ఈసారి పి0303! రోగం కాయిల్‌తో పాటు నడిచి వెళ్ళింది.

బరువు మీదే ఎందుకు? యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ సిలిండర్‌లోకి గాలి ఎక్కువ చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు సందును దాటడానికి నిప్పురవ్వకు మరింత వోల్టేజి కావాలి. కాయిల్ తొడుగులో వెంట్రుకంత పగులు ఉన్నా చాలు, విద్యుత్తు సందు దాటడం మాని ఆ దగ్గరిదారినే లోహంలోకి జారుకుంటుంది. చదును దారిలో అంత వోల్టేజి అక్కరలేదు కనుక అంతా సవ్యంగా ఉంటుంది. ఇక ఆ దీపం మిణుకుమంటే ఉపేక్షించకూడదు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ మండి, కాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. దాని వెల తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఊడదీసిన కాయిల్ తొడుగు మీద సన్నని నల్లటి గీత కనిపించింది. ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులు కొత్తవి పడ్డాయి. అతను వేసిన లెక్క, క్లచ్ ప్లేట్లకు వారు చెప్పిన మొత్తంలో పదోవంతు కూడా లేదు. రెండుసార్లు కనుమ ఎక్కి దిగినందుకు ఏమీ వేయలేదేమని అడిగితే, "ఏం చేశాను సార్, కూర్చున్నాను గదా" అన్నాడు.