గాఢనిద్రలో మెదడు ఆగిపోతుందా?

“డాక్టరుగారూ, మా ఆయన పడుకుంటే పక్కన పిడుగు పడ్డా లేవరు. అప్పుడు మెదడుకి నెత్తురు సరిగా ఆడుతుందంటారా?”

కోనసీమ సర్కారు ఆసుపత్రుల్లో పనిచేసే నాబోటివాడికి ఈ ప్రశ్న కొత్త కాదు. అమలాపురంలో అడిగారు, రాజోలులో అడిగారు, కొత్తపేటలోనూ అడిగారు. మీకూ ఈ అనుమానం వచ్చే వుంటుంది.

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. శరీరం బరువులో నూటికి రెండు పాళ్ళు. కాని గుండె పంపే రక్తంలో నూటికి సుమారు 15 పాళ్ళు, అంటే నిమిషానికి దాదాపు 700 మిల్లీలీటర్లు దానికే కావాలి. గాఢనిద్రలో ఇది సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. కంగారుపడకండి. పని తగ్గింది కనుక సరఫరా తగ్గింది. కలలొచ్చే నిద్రలో మళ్ళీ ఇంచుమించు మెలకువలో వున్నంతగా పెరుగుతుంది.

మనిషి మెదడులోని విద్యుత్తును 1924లో జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ తొలిసారి నమోదు చేశాడు. మెలకువలో ఆ తరంగాలు చిన్నవి, వేగమైనవి. సంతలో ఎవరి మాట వారిదే అన్నట్టుంటుంది. గాఢనిద్రలో అవి పెద్దవవుతాయి, సెకనుకు నాలుగు లోపుకి దిగుతాయి. భజనలో అందరూ ఒక్కసారే చప్పట్లు కొట్టినట్టు కణాలన్నీ కలిసి పనిచేస్తాయి, కలిసి ఆగుతాయి.

2019లో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరో సంగతి చూశారు. ఈ నిదానపు తరంగం వచ్చాక మెదడులో రక్తం కాస్త తగ్గుతుంది. ఆ ఖాళీలోకి మెదడు చుట్టూ వుండే నీరు అలలా వస్తుంది. పగలు పోగైన మలినాలు పోవడానికి ఇది తోడ్పడుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చర్చ ఇంకా సాగుతోంది. వేసవిలో కాలువలు కట్టేస్తేనే కదండీ మనం పూడిక తీసేది!

గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడోవంతులోనే వస్తుంది. మా దగ్గర చాలా ఇళ్ళలో కొడుకో కూతురో కువైట్‌లో వుంటారు. అక్కడ ఎనిమిదిన్నరకి పని ముగించుకుని ఫోను చేస్తే ఇక్కడ పదకొండు. పదింటికి పడుకున్న తల్లి సరిగ్గా గాఢనిద్రలోంచి లేస్తుంది. బిడ్డ గొంతు విన్నాక ఇక నిద్రెక్కడ? నిద్రలో తగ్గవలసిన రక్తపోటు తగ్గదు. బి.పి. మాత్రలు వేసుకుంటున్న ఆ తల్లికి నేను చెప్పేది ఒకటే: “అమ్మా, వీలైతే వాడు అక్కడ ఆరున్నరకి చేసేట్టు చూడు. ఇక్కడ తొమ్మిదవుతుంది.”

నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోకండి. కొన్ని రకాలు గాఢనిద్రనే తగ్గిస్తాయి. వయసు మీరాక గాఢనిద్ర కొంత తగ్గడం మాత్రం సహజం, దానికి దిగులక్కర్లేదు. గురక మధ్య ఊపిరి ఆగి ఆగి వస్తుంటే డాక్టరుకి చూపించండి.

చివరిగా ఒక్కమాట గుర్తుంచుకోండి. ఎంత మొద్దు నిద్రయినా గట్టిగా తట్టి పిలిస్తే మనిషి లేస్తాడు. లేవకపోతే, మూతి వంకరపోతే, చెయ్యి వాలిపోతే అది నిద్ర కాదు. చక్కెరజబ్బుకి మందు వేసుకుని అన్నం తినకుండా పడుకున్నవారు చెమటలు పట్టి పలకకపోయినా అంతే. నోట్లో ఏమీ పొయ్యకండి. “పడుకోనీలే, పొద్దున్న చూద్దాం” అనకండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి. తెల్లవారేదాకా ఆగితే మేం చెయ్యగలిగింది చాలా తగ్గిపోతుంది.