గాజుపెట్టెలో పగడాల తోట

పిల్లలూ! అమెరికాలో టెక్సస్ అని ఒక రాష్ట్రం ఉన్నది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెంటినీ కలిపినా అందులో సగం కూడా కావు. ఆ రాష్ట్రానికి ఉత్తరపు వైపున డాలస్ అనే మహానగరం, దాన్ని ఆనుకుని ప్లానో అనే ఊరు ఉన్నాయి. అంతా చదును నేల. కొండలు లేవు, సముద్రమూ లేదు. వేసవిలో ఎండ మన రెంటచింతల ఎండను తలపిస్తుంది. సముద్రం చూడాలంటే దక్షిణంగా 450 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి గాల్వెస్టన్ రేవుకు పోవాలి.

ప్లానోలో తెలుగువారు చాలామంది ఉన్నారు. మా అమ్మాయి, అల్లుడు అక్కడే కాపురం ఉంటున్నారు. నేను వారింటికి వెళ్ళి, ముందుగదిలో అడుగు పెట్టగానే ఆశ్చర్యపోయాను. గోడవారగా నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల గాజుపెట్టె ఉన్నది. అందులో నీలపు వెలుగు. ఆ వెలుగులో జింక కొమ్ముల్లాంటివి కొన్ని, కోడిజుట్టు పువ్వుల్లాంటివి కొన్ని, మెదడులాగా ముడతలు పడినవి కొన్ని, ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో మెరిసిపోతున్నాయి. నీరు అటూ ఇటూ ఊగుతుంటే అవీ ఊగుతున్నాయి. సముద్రానికి అంత దూరంలో, ఆ గదిలో చిన్న సముద్రం ఉన్నది!

దగ్గరగా చూద్దామని వంగి, నీటిలో వేలు పెట్టబోయాను.

"చెయ్యి పెట్టవద్దు తాతయ్యా! చేతికి సబ్బు ఉంటే అవి చచ్చిపోతాయి," అని అరిచాడు మా మనవడు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు నుంచీ వాడి దగ్గర పాఠం మొదలుపెట్టాను.

మొదటి పాఠం: పగడం రాయి కాదు, చెట్టూ కాదు. అది జంతువు. సరిగా చెప్పాలంటే వేలకొద్దీ చిన్న జంతువుల కాపురం. ఒక్కొక్క జంతువూ చిన్న సంచిలాగా ఉంటుంది. సంచి మూతే దాని నోరు. నోటి చుట్టూ సన్నని చేతులుంటాయి. అది నీటిలోని సున్నాన్ని పీల్చుకుని తన చుట్టూ గట్టి ఇల్లు కట్టుకుంటుంది. ఇంటి మీద ఇల్లు లేచి, కొన్ని వేల ఏళ్ళకు సముద్రంలో గోడలూ దిబ్బలూ తయారవుతాయి.

ఇంకొక వింత ఉన్నది. ఆ జంతువు శరీరంలో, కంటికి కనిపించనంత చిన్న నాచుమొక్కలు అద్దెకుంటాయి. అవి వెలుతురు సాయంతో ఆహారం వండి, అందులో ఎక్కువ భాగాన్ని ఇంటి యజమానికి ఇస్తాయి. పగడం బ్రతికేది చాలావరకు ఈ అద్దె మీదనే. నీరు మరీ వేడెక్కితే ఈ పొత్తు చెడిపోతుంది. నాచు బయటికి పోతుంది. లోపలి తెల్లని సున్నం కనిపించి పగడం తెల్లబోతుంది. మనుషులు తెల్లబోతే కాసేపటికి తేరుకుంటారు. పగడం తెల్లబోయి కొన్ని వారాలు అట్లాగే ఉన్నదంటే, ఆకలితో చస్తుంది.

"మరి ఈ సముద్రాన్ని ఎట్లా తయారు చేశారు?" అని అడిగాను.

"ముందు నువ్వు లెక్క చెయ్యాలి తాతయ్యా," అన్నాడు వాడు. "ఈ పెట్టెలో 280 లీటర్ల నీరు పడుతుంది. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎంత ఉప్పు కావాలి?"

9,800 గ్రాములు. అంటే దగ్గర దగ్గర పది కిలోలు! అది కూరలో వేసే ఉప్పు కాదు. సముద్రపు నీటిలో సున్నం, మెగ్నీషియం, పొటాషియం మొదలైనవి ఎన్నో ఉన్నాయి గనుక, అవన్నీ పాళ్ళ ప్రకారం కలిపిన ఉప్పును కొంటారు. కుళాయి నీరు కూడా పనికిరాదు. అందులో క్రిములను చంపే మందు ఉంటుంది. ఆర్వో యంత్రంలో వడగట్టిన నీటిలోనే ఉప్పు కలుపుతారు. వేడి 25 డిగ్రీల చుట్టుపక్కల ఉండేటట్టు, నీటిలో మునిగి ఉండే చిన్న హీటరు పెడతారు.

నీరు పోశారు, అడుగున ఇసుక పరిచారు, రాళ్ళు పేర్చారు. ఇక చేపలను వదలవచ్చునా? వదలకూడదు. నెలకు పైగా ఖాళీగా ఉంచాలి! ఎందుకో చెబుతాను.

చేప తిన్నది విసర్జిస్తుంది గదా. ఆ మలినం నుంచి అమోనియా అనే విషం పుడుతుంది. సముద్రంలోనైతే అది ఎటో కలిసిపోతుంది. గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళ మీదా ఇసుకలోనూ పెరగాలి. ఒక రకం జీవులు అమోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరొక రకం జీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఇది అంత హాని చెయ్యదు. ఈ రెండు రకాలూ చాలినంత పెరగటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకని స్నేహితుల పెట్టెలో నుంచి ప్రాణమున్న చిన్న రాతిముక్క ఒకటి తెచ్చి ఇందులో వేస్తారు. పాలకు తోడు వేసినట్టే! తోడు వేసి, గిన్నెను గంటకొకసారి కదిలిస్తే పెరుగు తోడుకుంటుందా? ఇదీ అంతే. తొందరపడి మొదటిరోజే చేపలను వదిలేవారు వారం తిరిగేసరికి చచ్చిన చేపలను తీసి పారవెయ్యవలసి వస్తుంది.

రాళ్ళలోని జీవులే నీటిని శుభ్రం చేస్తాయనే సంగతిని లోకానికి తెలియజెప్పినవారిలో ముఖ్యుడు ఇండొనీషియా దేశపు జకార్తా నగరంలో ఉండిన లీ చిన్ ఎంగ్. సముద్రపు రాళ్ళను వాటి మీది జీవులతో సహా ఇంటి పెట్టెలో ఉంచి పగడాలను బ్రతికించిన పద్ధతిని ఆయన 1961లో ఒక పత్రికలో వ్రాశాడు.

ఆరు వారాలయ్యాక మా వాళ్ళు ముందు నాచు మేసే నత్తలను వదిలారు. తరువాత నారింజ రంగు మీద తెల్లని పట్టీలున్న రెండు క్లౌన్ చేపలను తెచ్చారు. ఇవి సముద్రంలో పట్టినవి కావు, తొట్లలో పుట్టి పెరిగినవి. వీటిలో పెద్దది ఆడది, చిన్నది మగది. ఆడది చనిపోతే మగదే ఆడదిగా మారిపోతుందట! పగడాలను మాత్రం నీరు బాగా కుదిరాక, ఒకదాని తరువాత ఒకటిగా చేర్చారు.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను గమనించినది ఒకటి ఉన్నది. సముద్రం ఊరికే చేసే పనులన్నిటినీ ఇక్కడ మనుషులు చెయ్యాలి. అల పని పంపు చేస్తుంది. సూర్యుడి పని దీపాలు చేస్తాయి. పానకం కాచేటప్పుడు పైకి వచ్చే తెట్టు తీసినట్టు, ఒక యంత్రం గాలిబుడగలతో మురికిని నురుగుగా తేల్చి బయటికి తీస్తుంది. పగడాలు ఇల్లు కట్టుకోవటానికి సున్నం కావాలి గదా, అందుకు ఏం పోస్తారో తెలుసా? సున్నపు తేట! మన ఇళ్ళలో సున్నం నీళ్ళలో వేసి తేర్చినట్టే తేర్చి, పై తేటను చుక్కచుక్కగా వదులుతారు. ఆదివారం నాడు 28 లీటర్ల పాతనీరు తీసి కొత్త ఉప్పునీరు పోస్తారు. అల్లుడు బిందెలు మోస్తాడు, అమ్మాయి గొట్టం పట్టుకుంటుంది, మనవడు ఉప్పు పాలు కొలుస్తాడు.

రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు ఆవిరై పోతుంది. ఆ లోటుకు ఉప్పునీరు పొయ్యాలా, మంచినీరు పొయ్యాలా? పిల్లలూ, ఆలోచించండి. సమాధానం చివరకు దొరుకుతుంది.

ఇక ఆ కుటుంబానికి వచ్చిన కష్టం సంగతి చెబుతాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో విపరీతమైన చలి వచ్చింది. 16వ తేదీన డాలస్ విమానాశ్రయం దగ్గర సున్నాకు దిగువన 19 డిగ్రీలు నమోదయింది. రాష్ట్రంలో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మా వాళ్ళ ఇంట్లో కూడా 15వ తేదీ తెల్లవారుజామున పోయింది. దీపాలు ఆరిపోయాయి. పంపులు ఆగిపోయాయి. నీరు కదలకపోతే అందులోకి ప్రాణవాయువు చేరదు. హీటరు లేకపోతే నీరు చల్లబడుతుంది. 25 డిగ్రీలున్న నీరు మధ్యాహ్నానికి 20 అయింది.

అప్పుడు మా మనవడికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి గాజుపెట్టె చుట్టూ చుట్టారు. గ్యాసు పొయ్యి వెలుగుతున్నది గనుక, అమ్మాయి నీళ్ళు కాచి సీసాల్లో పోసి, మూతలు బిగించి పెట్టెలో తేలవేసింది. చల్లారినవి తీసి, వేడివి మళ్ళీ వేసింది. మిగిలినవాళ్ళు వంతులవారీగా కూర్చుని, చెంబుతో నీరు తీసి ఎత్తు నుంచి తిరిగి పోశారు. వాళ్ళు కోట్లు తొడుక్కుని చలికి వణుకుతూనే రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఆ పని చేశారు. అల చేసే పని ఎంతటిదో వాళ్ళకు అప్పుడు తెలిసింది.

కరెంటు వచ్చాక చూసుకుంటే చేపలు రెండూ బ్రతికి ఉన్నాయి. మెదడు పగడమూ బ్రతికింది. కాని అన్నిటికన్నా అందమైన జింకకొమ్ముల పగడం నాలుగు రోజుల్లో పాలిపోయి, పైచర్మం ఊడి చచ్చిపోయింది. పిల్లవాడు అన్నం మాని ఏడ్చాడు.

అయితే అంతకు ముందు ఏడాది, వాడు ఆ పగడం కొమ్మ ఒకటి విరిచి, తన తరగతి స్నేహితుడికి ఇచ్చాడు. పగడాన్ని గులాబి కొమ్మలాగా తుంచి నాటవచ్చు. చిన్న బిళ్ళకు జిగురుతో అంటిస్తే కొత్త కాపురం మొదలవుతుంది. ఆ స్నేహితుడి ఇంట్లో కరెంటు పోలేదు. మార్చి నెలలో అతడు బొటనవేలంత ముక్క తుంచి తెచ్చి ఇచ్చాడు. నేను చూసినప్పుడు గాజుపెట్టె మధ్యన జానెడు ఎత్తున నిలిచి ఉన్నది ఆ ముక్కే! "నేను ఇచ్చి ఉండకపోతే ఇది నాకు ఉండేది కాదు తాతయ్యా," అన్నాడు మా మనవడు.

ఇట్లా ఇంట్లో పెరిగినదాన్ని పంచుకోవటం మంచి పద్ధతి. సముద్రంలో నుంచి విరిచి తేవటం తప్పు. 1854లో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు సముద్రజీవులను గాజుపెట్టెలో పెంచటం గురించి పుస్తకం వ్రాశాడు. దాన్ని చదివినవారంతా బుట్టలు పట్టుకుని తీరాలకు పరుగెత్తారు. చూస్తుండగానే రాళ్ళ మధ్య నీటిగుంటలు ఖాళీ అయిపోయాయి. తాను చిన్ననాడు చూసిన ఆ అందమంతా నాశనమయిందని ఆయన కుమారుడు పెద్దయ్యాక వ్రాసుకున్నాడు.

మన దేశంలో రాతిపగడాలకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద పులికి ఉన్నంత రక్షణ ఉన్నది. వాటిని తీయటం, అమ్మటం నేరం. రామేశ్వరం యాత్రకు వెళ్ళే మన తెలుగువారు పంబన్ వంతెన దాటుతూ నీటిని చూసి దండం పెడతారు. ఆ దక్షిణపు నీటిలోనే, తూత్తుక్కుడి వరకు 21 దీవుల చుట్టూ పగడాల తోటలున్నాయి. 1986లో దాన్ని సముద్ర జాతీయ వనంగా ప్రకటించారు. ఒకప్పుడు అక్కడి పగడాలను సున్నం కోసం తవ్వుకున్నారు. తవ్వకం ఆగింది. కాని 1998లోను, 2010లోను, 2016లోను నీరు వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబోయాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు, ప్రపంచమంతటా పగడాలు తెల్లబోతున్నాయనీ, ఇట్లా జరగటం ఇది నాలుగవసారి అనీ ప్రకటించారు.

ఒక్క గాజుపెట్టెను రెండు రోజులు కాపాడటానికి ఇంటిల్లిపాదీ నిద్ర మానుకున్నారు. సముద్రం వేడెక్కితే చల్లబరచటానికి ఎన్ని చెంబులు కావాలి? ఎవరు పోస్తారు? అందుచేత భూమి వేడెక్కకుండా చూసుకోవటం తప్ప వేరే దారి లేదు. ఆ పని ఒక్క ఇంటిది కాదు, మనందరిదీ.

సరే, నేను అడిగిన ప్రశ్న మరిచిపోలేదు గదా? సమాధానం మీరే కనుక్కోండి. రెండు వెడల్పాటి గిన్నెలు తీసుకుని, ఒక్కొక్కదానిలో పావు లీటరు మంచినీరు, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు కలపండి. నీరు ఎంతవరకు ఉన్నదో గీత గియ్యండి. రెంటినీ ఎండలో పెట్టండి. రోజూ సాయంత్రం ఒక గిన్నెలో మంచినీరు, రెండవ గిన్నెలో ఉప్పునీరు, గీతదాకా పొయ్యండి. పది రోజుల తరువాత నాలుక చివరతో రెండూ రుచి చూడండి. ఏ గిన్నెలో చేప బ్రతకగలదో మీకే తెలుస్తుంది.