వెండ్రుకవాసి యెడము

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కుంభవృష్టిచేత కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. ఆ దినములందే మా పాఠశాలలోని కంప్యూటరు మీట నొక్కిన కొన్ని నిమిషములకే ఆరిపోవ మొదలిడెను. పదవ తరగతి ప్రశ్నపత్రము లన్నియు దానియందే యుండెను. రైళ్లు నిలిచినందున వరంగల్లునకు పోయి విడిభాగము తెచ్చుటకు వీలు లేకపోయెను.

పెట్టె విప్పి చూచితిమి. ప్రాసెసరుపై నుండు అల్యూమినియపు హీట్‌సింకును మదర్‌బోర్డునకు పట్టియుంచు నాలుగు ప్లాస్టిక్ మేకులలో రెండు విరిగి, ఆ దిమ్మ యొక ప్రక్కకు ఒరిగియుండెను. ఎడము వెండ్రుకవాసియే. కాని అల్యూమినియము గాలికంటె సుమారు 9,000 రెట్లు అధికముగా వేడిమిని కొనిపోవును. నడుమ గాలి చొచ్చినచో వేడిమి చిప్పునందే నిలుచును. అది మాడిపోకుండుటకై యంత్రము తనంతట తానే ఆరిపోవును.

రేడియోలు బాగుచేయు నంగడిలో రెండు సన్నని బోల్టులు, నట్టులు, ఫైబరు వాషరులు దొరకెను. సెల్‌ఫోను అంగడిలో థర్మల్ పేస్టు లభించెను. ఎండిన పాత పేస్టును తుడిచి, క్రొత్తది పలుచగా పూసితిమి. లోహము బోర్డుపై రాగిగీతలకు తగులకుండ వాషరులు వేసి, ఇరువైపుల కొంచెము కొంచెముగా బిగించితిమి. అతిగా బిగించిన బోర్డు వంగును.

ఆ రాత్రియే ప్రశ్నపత్రములు అచ్చయ్యెను. విద్యార్థులారా, ఆ మేకుల పని గట్టిగా నొక్కుట కాదు, రెండు తలములను సమముగా కలిపియుంచుట. ఏ భాగ మెందుల కున్నదో యెరిగినవానికే దానికి బదులు దొరకును. రైళ్లు నడచిన పిదప అసలు మేకులు తెప్పించి బిగించితిమి. ఆపదలో నక్కరకు వచ్చిన బోల్టులు నేడు మా ప్రయోగశాల పెట్టెలో నున్నవి.